గోపాల్ క్యాన్‌లో మా పాలు

మొర్రివాడ,
18 జూన్ 2023.

బామ్మర్ది పోశంకు మీ బావ పరశురాములు రాసేది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అక్క కొమురవ్వ దాన్ని తెచ్చి నా చెవికి ఆనించింది. చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. గాలి వీచినట్టు ఏదో వినిపించింది. నువ్వు ఎవరినో తిడుతున్నావని మాత్రం తెలిసింది. పదిహేనేళ్లు ఓడ అడుగున ఇంజన్ గదిలో పనిచేసిన చెవులివి, ఫోన్‌కు లొంగవు. నేవీవాళ్లు మా ఆయన చెవులు ఉంచుకుని మిగతా మనిషిని పంపించారని మీ అక్క వాడకట్టంతా చెబుతుంది. అందుకే కాగితం పట్టాను. నువ్వూ కాగితం మీదే రాయి. కాగితం మీద ఎంత అరిచినా నాకు సమంగా వినపడుతుంది.

మా ఊళ్లో పాలకేంద్రం మూసేశారు. డెయిరీ వ్యాన్ ఇక రోడ్డు దిగి లోపలికి రాదట. లక్షెట్టిపేట రోడ్డు మీది ఊళ్లు చాలునట. బోర్డు పీకి, పాలు చూసే మిషన్ ఎత్తుకుపోయారు. ఊళ్లో బర్రెలున్నవాళ్లు ఎంతమందని? మేపే బీడు లేదు, గడ్డిని వరికోత మిషన్ నలిపేస్తుంది. మాకు నాలుగున్నాయి, గొల్లోళ్ల గోపాల్‌కు ఉన్నాయి, ఇంకో ముగ్గురికి. ఆ ముగ్గురు బండికి క్యాన్ కట్టుకుని లక్షెట్టిపేట హోటళ్లకు పోతున్నారు. నేను పోలేను. పోయినేడు లారీ హారన్ వినపడక మక్కచేనులో పడ్డప్పటి నుంచి నా బండి తాళంచెవి మీ అక్క కొంగున ఉంది.

కేంద్రం ఉన్నన్నాళ్లు పరేషాన్ లేదు. నా పాలు, గోపాల్ పాలు ఒకే క్యాన్‌లో పోసేవాళ్లు. కలిసిన తర్వాత ఎవరివి ఏవో ఎవరూ చెప్పలేరు. ఆ క్యాన్‌ను వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే నిలబడి చూడటం నాకు ఇష్టంగా ఉండేది. ఎందుకని అడగకు.

ఇప్పుడు ఊళ్లోనే రోజూ పాలు పోయించుకునే వాడికె ఇళ్లు పట్టాలి. మాలవాడ నుంచి పాలెవరు కొంటారని నువ్వు అంటావు. నేనూ అదే అనుకుంటున్నా. కానీ పోర్టులో నౌకరీ ఇస్తాం, విశాఖలోనే ఉండిపొమ్మంటే కాదని ఈ ఊరికే ఎందుకు వచ్చానో నీకు తెలుసు. పుట్టిన ఊరు నా చేతి పాలు తాగాలని వచ్చాను. ఇంకో కోరిక లేదు. రిటైరైనవాడికి ఒక్క కోరిక ఉంటే ఎక్కువేం కాదు గదా.

మీ అక్క మోకాళ్లు అట్లనే ఉన్నాయి. చిన్నబర్రె చూలుతో ఉంది. బొగ్గుబాయిలోకి దిగేటప్పుడు జర పైలం.

మీ బావ,
పరశురాములు


మందమర్రి,
27 జూన్ 2023.

బావా,

షిఫ్టు దిగి స్నానం చేయకుండానే నీ ఉత్తరం చదివి, స్నానం చేయకుండానే జవాబు రాస్తున్నాను. కాగితం మీద బొగ్గు అంటితే అక్క తిట్టుకోవద్దను.

నువ్వు అడగవద్దన్నావు, నేను అడగకుండానే చెబుతాను. ఆ క్యాన్‌ను చూడటం నీకెందుకు ఇష్టమంటే, ఊళ్లో నీకు కులం లేని చోటు అదొక్కటే. అది కూడా అల్యూమినియంది.

ఒక లెక్క చెప్పు. మీ ఊరివాళ్లు పొద్దున్నే కిరాణం కొట్టులో ప్యాకెట్ కొంటారు. ఆ ప్యాకెట్లో ఎవరి పాలున్నాయి? అక్క పిండిన పాలే మంచిర్యాల పోయి, చల్లబడి, ప్లాస్టిక్ అంగీ తొడుక్కుని, ధర పెంచుకుని మళ్లీ మొర్రివాడకే వస్తాయి. మీ ఊరి పెద్దమనిషి హనుమండ్ల పటేల్ ఇన్నేళ్లు ఆ పాల చాయే తాగాడు. ఆయన పేగులేమైనా కాలాయా? మైలపడ్డాయా? అంటే కులం పాలలో లేదు. పాలు ఎవరివో తెలియడంలో ఉంది. తెలియకుండా తాగితే అమృతం, తెలిసి తాగితే అంటు. ఇంతకంటే పిరికి నమ్మకం భూమి మీద ఇంకోటి ఉందా?

పంద్రాగస్టుకు బడికాడ జెండా ఎగరేయడానికి నిన్ను పిలుస్తారు. మిలిటరీ పరశురాములు అని దండ వేస్తారు. జెండా తాడు పట్టడానికి పనికొచ్చిన చెయ్యి పాల చెంబు పట్టడానికి ఎందుకు పనికిరాదో ఒక్కసారి మైకులో అడగాలి నువ్వు. అడగవు. నువ్వు సెల్యూట్ కొట్టి దిగిపోతావు. సముద్రాలు దాటినవాడివి, మీ ఊరి నడిబజారు దాటడానికి భయపడతావు.

ఎవరినీ బతిమాలకు. గేటుకు బోర్డు కట్టు. పేద్ద అక్షరాలతో నీ పేరు రాయి. ఇంటి ముందర బల్ల వేసి కూర్చో. వచ్చేవాళ్లు వస్తారు. రానివాళ్లు ఎందుకు రాలేదో చెప్పవలసిన పని వాళ్లది, నీది కాదు.

అక్కకు మోకాళ్ల నూనె పంపుతున్నా.

నీ మొండి బామ్మర్ది,
పోశం


మొర్రివాడ,
20 జూలై 2023.

పోశం,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెయింటు తెచ్చి నేనే రాశాను. ఓడ మీద అన్నింటికంటే ఎక్కువ చేసిన పని పెయింటు వేయడమే, అక్షరాలు సాపుగా వచ్చాయి. బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, మీ అక్క పక్కన నిలబడితే నేను కూర్చున్నాను. మా వాడకట్టువాళ్లు కొన్నారు. వాళ్లు కొనగలిగినన్ని కొన్నారు. ఊరి వైపు నుంచి ఎవరూ రాలేదు. పోయేవాళ్లు బోర్డు చదివారు, బాగుందన్నారు. ఒక కోమటి ముసలమ్మ బల్ల దాకా వచ్చింది. చెంబు కూడా చేతిలో ఉంది. గోపాల్ ఇల్లు ఎటని అడిగి పోయింది. పుట్టిన ఊళ్లో గోపాల్ ఇల్లు తెలియదా ఆమెకు?

మిగిలిన పాలు తోడేశాం. పెరుగు మిగిలితే చిలికాం. నెయ్యి కాచాం. ఇల్లంతా పెళ్లివారిల్లు లెక్క వాసన. తినేవాళ్లం ఇద్దరం. మీ అక్క ఒకనాడు మజ్జిగ తెచ్చి బర్రెలకే తాగించింది.

నీకు నవ్వొచ్చే మాట ఒకటి చెబుతా. మా ఓడలో అలహాబాద్ మిశ్రా అని ఉండేవాడు, నాతోపాటు బాయిలర్ దగ్గర. మొదట్లో తన నీళ్ల సీసా వేరే దాచుకునేవాడు. అండమాన్ దాటాక ఒకసారి తుపాను పట్టింది. మూడు పూటలు అందరికీ వాంతులు. వాడికి ముంత పట్టుకునే బలం లేకపోతే నా కప్పులో చాయ్ పోసి తాగించాను. ఆ తర్వాత ఓడ దిగేదాకా నా కప్పు కడగకుండానే తీసుకుని తాగేవాడు. మిశ్రాకు తుపాను కావాల్సి వచ్చింది. మా ఊరికి ఏం కావాలో నాకు తెలియడం లేదు.

సరే, ఫికర్ చేయకు. వారం నుంచి పాలు పోతున్నాయి. గోపాల్ వచ్చి మొత్తం తీసుకుపోతున్నాడు. ఊళ్లో వాడికె ఇళ్లన్నీ అతనివే. బోర్డు తీసేశాను. వానకు రంగు పోతుందని.

మీ బావ


మందమర్రి,
2 ఆగస్టు 2023.

బావా,

వానకు రంగు పోతుందని బోర్డు తీశావా? ఉప్పుగాలిలో ఓడలకు రంగులేసినవాడు ఈ మాట ఎవరికి చెబుతున్నాడు?

నాకు అర్థమైంది. గోపాల్ నీ పాలు తన క్యాన్‌లో పోసుకుని తన పాలని అమ్ముతున్నాడు. ఊరు లొట్టలేసుకుంటూ తాగుతోంది. నువ్వు తలుపు చాటున నిలబడి చూస్తున్నావు. దీన్ని ఏమంటారో తెలుసా? దోపిడీ అంటారు. మీ తాత పండించిన వడ్లు పటేల్ గాదెలో పటేల్ వడ్లయ్యాయి. మీ బాపు తవ్విన బాయి పటేల్ బాయి అయింది. ఇప్పుడు అక్క పిండిన పాలు గోపాల్ పాలు. మూడు తరాలుగా మన చెమటకు వేరేవాడి పేరు. దొరల కాలం పోయిందంటారు, పోయి గొల్లవాడి క్యాన్‌లో దూరింది.

నేను ఊరుకోలేదు. మా సంఘం నెలపత్రికలో రాశాను. ఊరి పేరు పెట్టాను, పటేల్ పేరు పెట్టాను, గోపాల్ పేరు పెట్టాను. పేరు దాచి రాస్తే అది కథ అవుతుంది, నాకు కథలు వద్దు. పత్రిక నిన్ననే అచ్చయింది. మంచిర్యాలలో విలేకరి ఒకతను చదివి, జిల్లా పేజీలో వేస్తానన్నాడు.

నువ్వు భయపడతావని నాకు తెలుసు. నీ తరఫున నేను భయపడకుండా ఉంటాను.

పోశం


మొర్రివాడ,
3 ఆగస్టు 2023.

బామ్మర్దికి,

నీ దగ్గర నుంచి జవాబు రాలేదు. పోయిన ఉత్తరంలో గోపాల్ సంగతి నేను సగమే రాశాను. నువ్వు మిగతా సగం నీకు తోచినట్టు రాసుకుంటావని మీ అక్క అంటోంది. అందుకే వెంటనే రాస్తున్నా.

గోపాల్ తనంతట తాను రాలేదు. మీ అక్కే పోయింది. గోపాల్ భార్య సమ్మవ్వ, మీ అక్క పత్తి ఏరిన కాలం నుంచి దోస్తులు. నెయ్యి డబ్బా పట్టుకుపోయి ఆమె ముందర పెట్టి, పాలు పారబోయడం నాతోని కాదు, ఏదన్న ఉపాయం చెప్పమని కూర్చుందట. ఉపాయం కూడా మీ అక్కే చెప్పింది. నాకు తెలియకుండానే అంతా అనుకున్నారు. గోపాల్ మొదట ఒప్పుకోలేదు. తెలిస్తే ఊరు నన్ను బతకనియ్యదన్నాడు. సమ్మవ్వ ఒప్పించింది. తనకు ఒక్క పైసా వద్దన్నాడు, తీసుకోవడం లేదు కూడా. ఎవరైనా అడిగితే మా బర్రెలయే అని చెబుతున్నాడు. అబద్ధమాడటం అలవాటు లేనివాడు, చెప్పేటప్పుడు చెవులు గోక్కుంటాడట.

మీ అక్కకు ఇందులో ఏ బాధా లేదు. పాలు పారబోయకుండా ఉంటే ఆమెకు చాలు. ఆమె బర్రెలను చూసింది, నేను ఊరిని చూశాను. అంతే తేడా.

మొన్న హనుమండ్ల పటేల్ మనవరాలి తొట్టెల పండుగకు పిలిస్తే పోయాను. బయట కుర్చీ వేశారు. పటేల్ నా పక్కన కూర్చుని, నాకు వినపడాలని గట్టిగానే అన్నాడు. "పరశురాములూ, గోపాల్ పాలు ఏమున్నయ్ వయా. మీగడ చేతిమందం కడుతది. నీ బర్రెలు గట్ల ఇయ్యయి గద."

ఇయ్యవు పటేలా అన్నాను.

ఇంటికొచ్చి చెబితే మీ అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా పాలు ఊరు తాగుతోంది, మెచ్చుకుంటోంది. నేను కోరింది ఇదే గదా. మరి ఎందుకు మింగుడుపడటం లేదో నువ్వైతే పేజీలకు పేజీలు రాస్తావు. నాకు రాయడం రాదు.

ఈ సంగతి నీ దగ్గరే ఉండాలి. నీ సంఘంవాళ్లకు కూడా చెప్పకు. గోపాల్ మంచి మనిషి.

మీ బావ


మొర్రివాడ,
24 ఆగస్టు 2023.

పోశం,

మన ఉత్తరాలు దారిలో ఎదురెదురు పడి దాటిపోయినట్టున్నాయి. నీది అందేసరికి పత్రిక ఊళ్లోకి వచ్చేసింది. పేపర్లో కూడా వచ్చింది. పటేల్ ఇంటి ముందర ఒకడు చదువుతుంటే అందరూ విన్నారట. నేను ఆ దారినే పోతున్నాను. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. వినపడకపోయినా తెలుస్తుంది.

మరునాడు పొద్దున గోపాల్ క్యాన్ ఏ ఇంట్లోనూ మూత తీయలేదు. తన సొంత బర్రెల పాలు కూడా తీసుకోలేదు. ఒకరు ముందురోజు పోయించుకున్న పాలు తెచ్చి గోపాల్ ముందరే మురికి మోరీలో పోశారు. క్యాన్లు పారేయాలన్నారు. ఊరందరితో అంటు తాగించినందుకు వేములవాడ రాజన్న గుడికి పోయి, కోడెను కట్టి మొక్కు తీర్చుకుని రావాలని కులపెద్దలు చెప్పారు. పోయి కట్టి వచ్చాడు, పాపం. నేనూ మీ అక్కా పెళ్లయిన ఏడాది అదే రాజన్నకు కోడెను కట్టాం. మా కోడె పనికొచ్చింది ఆ దేవుడికి. పాల సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు.

నిన్న గోపాల్ వచ్చాడు. నాకు వినపడదని చెవి దగ్గరికి వంగి, మెల్లగానే మాట్లాడాడు.

"అన్నా, అబద్ధమాడిన్నంటుండ్రు. ఆడిన. ఎవలి కోసమాడిన్నో నీకెరుకే. మీ బామ్మర్ది నన్ను దొంగ అని రాసిండు. నేను దొంగనా అన్నా?"

కాదని చెప్పాను. ఆ మాట పేపర్లో వేయిస్తవా అని అడిగాడు.

మీ అక్క నీతో ఫోన్లో మాట్లాడనంటోంది. ఆమె చెప్పమన్న మాట ఇది: "అందరి కోసం రాస్తడట గని, రాసేముందు ఒక్కసారి అక్కనడగద్దా?"

పరశురాములు


మందమర్రి,
1 సెప్టెంబర్ 2023.

బావా,

గోపాల్ గురించి తప్పు రాశాను. వచ్చే సంచికలో దిద్ది వేస్తాను. కింది మూలకు చిన్న అక్షరాలతో వేస్తారు, తెలుసు. అయినా వేస్తాను.

కానీ మిగతాది ఏది తప్పు? మోరీలో పాలు పోసింది నేనా? క్యాన్లు పారేయమంది నేనా? పాలు తాగినవాళ్లు బాగున్నాయని మీగడ కొలిచి చెప్పిన పాలే అవి. తెల్లారేసరికి వాటిలో ఏం మారింది? ఒక్క వార్త మారింది. నేను అద్దం పట్టానని నన్నంటున్నారు, ముఖాన్ని ఎవరూ ఏమీ అనడం లేదు. గోపాల్‌ను కొట్టిన దెబ్బ నా కలం కొట్టింది కాదు బావా. మనతో కలిసినవాణ్ణి కూడా మనలాగే చూస్తామని ఊరు చెప్పిన మాట అది. మనల్ని వెలి పెట్టడం ఒక ఎత్తు, మనకు చెయ్యందించినవాణ్ణి శిక్షించడం ఇంకో ఎత్తు. మనం ఒంటరిగా ఉండాలన్నదే వాళ్ల అసలు కోరిక.

కేసు పెడదామని లాయర్‌ను కలిశాను. ఆయన వరసగా అడిగాడు. తిట్టారా? లేదు. కొట్టారా? లేదు. బాయి దగ్గర, గుడి దగ్గర అడ్డుకున్నారా? లేదు. ఏం చేశారు మరి? పాలు కొనలేదు. బహిష్కరణకు సెక్షన్ ఉంది, కానీ కొనొద్దని చాటించిందెవరు, ఊరికే కొనకపోవడం ఏ సెక్షన్ కింద నేరమని అడిగాడు. కొట్టిన చేతికి చట్టం ఉంది. చాపని చేతికి లేదు. వాళ్లకు ఆ సంగతి మన లాయర్లకంటే బాగా తెలుసు.

అయినా వదలను. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, అధికారులు ఇప్పుడు మాట వింటారు. మీ ఊళ్లో బడికాడ సభ పెట్టించాను. తహసీల్దార్ వస్తారు, ఎస్సై వస్తారు, నేనూ వస్తాను. పటేల్ నీ చేతి పాలు అందరి ముందర తాగాల్సిందే. నువ్వు యూనిఫాం మెడల్స్ పెట్టుకుని ఉండు.

అక్కకు చెప్పు, ఆమెను అడగకపోవడం తప్పే. కానీ అడిగితే వద్దనేది గదా.

పోశం


మొర్రివాడ,
9 అక్టోబర్ 2023.

పోశం,

సభ తర్వాత నువ్వు జీపులో వాళ్లతోనే వెళ్లిపోయావు, ఇంటికి రాలేదు. అక్క ముఖం ఎట్లా చూడాలో తెలియక పోయావని అనుకున్నాను. ఆమె నీ కోసం కోడికూర వండింది. మాట్లాడను అన్నది గానీ వండను అనలేదు.

నువ్వు చాలాసేపు మాట్లాడావు. నాకు ఒక్క ముక్క వినపడలేదు, కానీ నీ మెడ నరాలు చూశాను. మీ బాపు కూడా అట్లనే ఉబ్బేవాడు. ఎస్సై అడిగిన మాట మాత్రం మీ అక్క తర్వాత చెప్పింది. ఎవరి మీద కేసు పెట్టాలమ్మా, పేరు చెప్పమన్నాడట. "తాగలేదని ఎవలి మీద పెడుతరు సారూ, ఊరు మొత్తం పట్టేంత జైలున్నదా మీ కాడ?" అన్నదట. నువ్వు వేదిక మీద పేపరువాళ్లతో ఉన్నావు, విని ఉండవు.

పటేల్ తాగాడు. మా ఇంటి స్టీలు గ్లాసులో నేనే పోసి ఇచ్చాను. ఫొటోలు తీశారు. గ్లాసు అడుగు కనపడేదాకా తాగి, మూతి తుడుచుకుని, నా భుజం తట్టాడు. నీకు ఒక నిజం చెప్పాలి. ఆ క్షణం నాకు సంతోషమైంది. మెడలో దండ, ఛాతీ మీద మెడల్స్, పటేల్ చేతిలో మా గ్లాసు. కళ్లు తడిశాయి. నాటకమని నీకు తెలుసు, పటేల్‌కు తెలుసు, తహసీల్దార్‌కు తెలుసు. నాకొక్కడికే ఆ రెండు నిమిషాలు తెలియలేదు.

మరునాడు బోర్డు మళ్లీ కట్టాను. బల్ల వేశాను. ఊరి ఇళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. పటేల్ ఇంటికి ప్యాకెట్లు పోతున్నాయి. ఎవరూ కోపంగా లేరు. అందరూ నమస్తే పెడుతున్నారు, మునుపటికంటే ఎక్కువే. తాగినం గదా పరశురాములూ, ఇంకేం కావాలె అన్నట్టు చూస్తున్నారు. ఇంతకు ముందు ఊరు నాకు ఒక బాకీ పడి ఉండేది. ఆ ఒక్క గ్లాసుతో తీర్చేశారు.

గోపాల్ మమ్మల్ని చూస్తే పక్క సందులోకి తిరుగుతున్నాడు. కోపంతో కాదు, సిగ్గుతో. దాణా కొనడం కష్టమైంది. పాలు ఇప్పుడు కూడా నెయ్యే అవుతున్నాయి.

పరశురాములు


మందమర్రి,
22 అక్టోబర్ 2023.

బావా,

ఇంటికి రాకపోవడం నిజమే. నువ్వు రాసిన కారణమూ నిజమే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దానికి జవాబుగా పెద్ద వ్యాసమొకటి రాసి చింపేశాను. నాకు తెలిసిన మాటలన్నీ అందులో పెట్టాను. ఏ మాట పెట్టినా నువ్వు బల్ల దగ్గర కూర్చునే ఉన్నావు.

ఇంకో ఆలోచన చెబుతాను, కోప్పడకు. బర్రెలు అమ్మేయండి. ఇక్కడికి రండి. క్వార్టర్‌లో రెండు గదులున్నాయి. ఇక్కడ పక్కింట్లో ఎవరుంటారో ఎవరికీ పట్టదు, అందరూ బొగ్గు రంగులోనే ఇంటికొస్తారు. ఇది ఓడిపోయి పారిపోవడమని నువ్వంటావు. అను. జీవితమంతా పోరాడమని చెప్పినవాణ్ణి నేనే. కానీ అక్క ఆ మోకాళ్లతో ఎవరూ తాగని పాల కోసం పొద్దున్నే లేవడం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఆమె ఇప్పటికీ ఫోన్ తీయడం లేదు.

పోశం


మొర్రివాడ,
28 జనవరి 2024.

పోశంకు,

ఇన్నాళ్లు రాయలేదు. రాయడానికి చేతులు రాలేదు. బర్రెలు అమ్మేశాం, చిన్నబర్రె ఈనిన దుడ్డెతో సహా. గోపాల్ కొన్నాడు. వేరేవాళ్లు ఎక్కువిస్తామన్నారు, వాళ్లు ఎక్కడికి తోలుకుపోతారో తెలియదు. గోపాల్ అయితే కళ్ల ముందర ఉంటాయని మీ అక్క పట్టుబట్టింది. కోడెను కట్టి వచ్చాడు, కొత్త క్యాన్లు కొన్నాడు, ఊరు అతణ్ణి మళ్లీ కలుపుకుంది.

తర్వాత జరిగింది నువ్వు వినాలి. విని పత్రికలో వేయకు. ఇది నేను అడుగుతున్నా.

బర్రెలు గోపాల్ కొట్టంలో చేపలేదు, పొదుగులోకి పాలు దిగనియ్యలేదు. సమ్మవ్వ కూర్చుంటే ఒకటి తన్నింది, ఒకటి పాలు పైకి లాక్కుంది. దుడ్డెను విడిచినా, దాణా పెట్టినా చుక్క రాలేదు. ఇన్నేళ్లు మీ అక్క చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగవు అవి. పొదుగులు గట్టిపడి, అరుస్తుంటే సమ్మవ్వ పరుగెత్తుకొచ్చింది. మీ అక్క పోయి కూర్చుని, పొదుగు కడిగి, చెయ్యి వేసింది. నాలుగూ చేపాయి.

ఆ రోజు నుంచి రెండు పూటలా ఆమే పోయి గోపాల్ కొట్టంలో పాలు పిండింది. గోపాల్ ఆ పాలు ఊళ్లో పోశాడు. ఊరు తీసుకుంది. దాచింది ఏమీ లేదు పోశం. కొట్టం నడిబజారులో ఉంది, గోడ నడుము దాకే ఉంది. పోయేవాళ్లందరూ చూశారు. హనుమండ్ల పటేల్ ఒకనాడు గోడ దగ్గర నిలబడి, "కొమురవ్వ చెయ్యి మంచిది, ఎట్ల సేపుతున్నయో సూడు" అని మెచ్చుకున్నాడు. ఆ చెంబులోంచే వాళ్లింటికి పాలు పోయాయి.

అవే బర్రెలు, అదే చెయ్యి, అవే పాలు. ఇన్నాళ్లు మన చెయ్యి అంటుకుంటుందని వాళ్ల భయం అనుకున్నాను. నువ్వూ అట్లనే రాశావు. మనం ఇద్దరం తప్పు చదివాం. మన చేతితో వాళ్లకు ఎప్పుడూ ఇబ్బంది లేదు, బర్రె మనది కావడంతోనే ఇబ్బంది. ఆమెను మొదట్లోనే ఎవరి దగ్గరైనా జీతానికి పెట్టి ఉంటే ఊరు ఆ రోజే మా పాలు తాగేదన్నమాట, ఆ యజమాని పేరు మీద.

గోపాల్ మనసులో చెడు లేదు. వచ్చి, నెలకింతని ఇస్త, నువ్వే పిండుదువు గని వదినా అన్నాడు. మీ అక్క అతణ్ణి కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. తర్వాత చెప్పింది.

"నా బర్రెలకు నేను జీతముంటనా గోపాల్? సమ్మవ్వకు చెయ్యి అలవాటు జేసి ఇస్త. గంతదాక వస్త. గా పైన రాను."

అట్లనే చేసింది. సమ్మవ్వను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చేతుల మీద తన చేతులు పెట్టి పిండింది. బర్రె వాసన పట్టి మోసపోవాలని తన పాత చీర సమ్మవ్వకు కట్టించింది. రోజూ జర జర తన చెయ్యి వెనక్కి తీసుకుంది. బర్రెలతో మాట్లాడే మాటలు కూడా ఆమెకు నేర్పింది. ఒక్కోరోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేది.

ఇవాళ పోయిన కాసేపటికే తిరిగొచ్చింది. పాలు పిండే గిన్నె చేతిలో లేదు. గడపలో నిలబడి ఏదో అన్నది. నాకు వినపడలేదు, పెదవులు చూసి తెలుసుకున్నాను. సమ్మవ్వకు చేపినయి అన్నది. ఏవి అని అడిగాను. అన్నీ అన్నది. చిన్నబర్రె ఈమె వైపు తల కూడా తిప్పలేదట.

ఏడవలేదు. ఖాళీ కొట్టం ఊడ్చింది. ఊడ్చేదేమీ లేదు, అయినా ఊడ్చింది. తర్వాత అరుగు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. అట్లనే కూర్చుని, పోశం రమ్మన్న మాట ఇంకా ఉన్నదా రాసి అడుగు అన్నది. అడుగుతున్నాను.

సామాను పెద్దగా లేదు. ఊళ్లో ఎవరెవరికి చెప్పి రావాలని అడిగాను. గోపాల్‌కూ సమ్మవ్వకూ చెబితే చాలన్నది.

మీ బావ